పళ్ళ డాక్టరు మెచ్చిన స్పీకర్లు

ముందే ఒప్పేసుకుంటాను. వెండి పూత పూసిన స్పీకరు వైరుకీ, పాత ఇస్త్రీపెట్టె నుంచి కోసి తీసిన వైరుకీ నా చెవులకు ఈ రోజు వరకూ తేడా తెలియలేదు. తెలిసినట్టు తలూపిన రోజులు మాత్రం బోలెడు. ఈ కథ చెప్పే అర్హత నాకు అక్కడి నుంచే వచ్చింది కాబట్టి ఆ సంగతి దాచి లాభం లేదు.

కథ పుల్లది. అసలు పేరు వేరే ఉంది కానీ, చిన్నప్పుడు అగ్గిపుల్లలా ఉండేదని వాళ్ళ బాబాయి పుల్ల అని పిలిచాడు, అదే నిలిచిపోయింది. పెద్దయ్యాక ఒళ్ళు కాస్త వచ్చినా, పుల్లవిరుపు మాటల వల్ల పేరుకి అన్యాయం జరగలేదు. ఇంజనీరింగు చదివి, వారంలో ఐదు రోజులు ఒక ఇన్వర్టర్ల కంపెనీలో టెస్టింగు చేస్తుంది. ఆదివారాలు మాత్రం పాటలు వినే ఖరీదైన పెట్టెలు అమ్మే ఒక హైఫై షాపులో కూర్చుని, ఏ ఆంప్లిఫయరుకి ఏ స్పీకర్లు జత కలిశాయో విని, విన్నది షాపు వెబ్ పేజీలో రాస్తుంది.

రాయడం కష్టమైన పనేమీ కాదు. ఆంప్లిఫయరు మీద చెయ్యి పెట్టి చూస్తుంది. కాలితే "వెచ్చటి శబ్దం" అని రాస్తుంది. కాలకపోతే "చల్లటి స్పష్టత" అని రాస్తుంది. స్పీకరు పెట్టె నల్లగా ఉంటే "పాటకీ పాటకీ మధ్య నల్లటి నిశ్శబ్దం". ఇలా రాసినవాటికి కింద జనం, సరిగ్గా మా ఇంట్లో కూడా ఇలాగే వినిపిస్తోంది అని జవాబులు పెట్టేవాళ్ళు. మొదట్లో నవ్వొచ్చేది. రెండేళ్ళయ్యేసరికి నవ్వు పోయి, ఏదో కల్తీ సరుకు తూకం వేసి అమ్ముతున్నట్టు ఉండసాగింది.

ఇక బాబాయి. ఆయన వంటింటి అల్మారాలు చేసే వడ్రంగి. పనితనంలో పేరున్నవాడు. ఊళ్ళోవాళ్ళ అల్మారాలకు తలుపులు వారంలో వస్తాయి, మన అల్మారాకు మాత్రం పెళ్ళైన దగ్గర నుంచీ ముహూర్తం కుదరలేదని పిన్ని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెబుతూ ఉంటుంది. కారణం ఇంటి వెనక రేకుల షెడ్డు. ఆరేళ్ళుగా పని అయిపోయాక ఆయన అందులో దూరి ఒక జత స్పీకర్లు చేస్తున్నాడు. పుస్తకాల అరలో పట్టేంత చిన్న పెట్టెలు, చేతికొకటి చొప్పున పట్టుకుని నడవొచ్చు. అంత చిన్న పెట్టెలోంచి పెద్ద పెట్టెలో నుంచి వచ్చినంత లోతైన స్వరం రావాలన్నది ఆయన పట్టుదల.

అందుకు ఆయన దగ్గర కొలబద్ద ఒక్కటే. ఒక డిస్కు. అందులో ఒకావిడ పాడుతుంది, పక్కన నిలువెత్తు తీగవాద్యం ఒకటి మోగుతుంది, అంతే. మూడో చరణంలో ఆ తీగ మెట్లు దిగినట్టు దిగి దిగి, చివరికి నేలని తాకుతుంది. ఆ చివరి మెట్టు పెట్టెలోంచి రావడానికే బాబాయికి రెండేళ్ళు పట్టింది. గాలి పోయే గొట్టం కోసేవాడు, వినేవాడు, మళ్ళీ కొత్త గొట్టం కోసేవాడు. షెడ్డులో గొట్టాల ముక్కలతో ఒక బస్తా నిండింది.

ఇప్పుడు ఆ షెడ్డుకి గండం వచ్చింది. రెడీమేడ్ వంటిళ్ళు బిగించే కంపెనీ ఒకటి బాబాయికి సూపర్వైజరు ఉద్యోగం ఇస్తానంది. పొద్దున్న వెళ్తే రాత్రికి రావడం. సోమవారంలోగా ఏదో ఒక మాట చెప్పమంది. పిన్ని వద్దనలేదు, వెళ్ళమనీ అనలేదు. షెడ్డు ఖాళీ అయితే బట్టలు ఆరేసుకోవడానికి బాగుంటుందని మాత్రం రెండు మూడు సార్లు అంది. బాబాయే తేల్చి చెప్పాడు. పుల్ల వాళ్ళ షాపులో పెద్దవాళ్ళు వింటారట కదా. ఆదివారం నా పెట్టెలు వాళ్ళ ముందు పెడతాను. బాగున్నాయని షాపులో పెట్టుకుంటే సరే. బాగాలేదంటే, ఆరేళ్ళు చూసినా నా కంటికి కనపడని లోపం ఏదో ఉందన్నమాట. ఇక రంపం ముట్టుకోను, ఉద్యోగంలో చేరతాను.

పుల్లకి ఇందులో నచ్చని మాట ఒక్కటే, "పెద్దవాళ్ళు". ఆ పెద్దవాళ్ళ సంగతి ఆమెకు తెలుసు.

ఆదివారం పొద్దున పదింటికి షాపు వెనక గదిలో సభ కూడుతుంది. గోడలకు మందపాటి తెరలు, నేల మీద తివాచీ, ఐదు కుర్చీలు. మధ్య కుర్చీ డాక్టరుగారిది. ఆయన పళ్ళ డాక్టరు. నలభై ఏళ్ళు జనం నోళ్ళలో డ్రిల్లు తిప్పి రిటైరయ్యాడు. నలభై ఏళ్ళు చెవి పక్కన డ్రిల్లు కూత పెట్టినా దెబ్బ తినని చెవులంటే అవి దేవుడిచ్చినవే అయ్యుండాలని సభవారి నమ్మకం. దెబ్బ తిన్నాయేమోనన్న అనుమానం పుల్లకి తప్ప ఎవరికీ రాలేదు.

సభకి పద్ధతులున్నాయి. పాట నడుస్తున్నంతసేపూ కళ్ళు మూసుకోవాలి. పాట అయ్యాక డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకునేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. తుడుచుకున్నాక ముందు ఆయన అభిప్రాయం చెబుతారు. తర్వాత మిగతావాళ్ళు వయసు వరసన చెప్పాలి, కానీ ముందువాళ్ళు వాడిన మాట మళ్ళీ వాడకూడదు. దీనివల్ల చివర కూర్చునే ఇన్సూరెన్సు ఏజెంటు నానా అవస్థా పడేవాడు. ఆయన వంతు వచ్చేసరికి మంచి మాటలన్నీ అయిపోయేవి. ఒకసారి ఏమీ దొరక్క, శబ్దం ఆరోగ్యంగా ఉంది అన్నాడు. పుల్ల దాన్నీ రాసింది.

అన్నిటికన్నా పెద్ద పద్ధతి వైరుది. స్పీకర్లకు ఎవరి వైరు పడితే వాళ్ళది వాడకూడదు. డాక్టరుగారి వైరే వాడాలి. వేలి మందాన ఉంటుంది, పైన తెల్లటి నూలు తొడుగు. మామూలు వైర్లలో ఒక తీగకు ఎరుపూ ఒక తీగకు నలుపూ ఉంటాయి, ఏది ప్లస్సో ఏది మైనస్సో తెలియడానికి. డాక్టరుగారి వైరులో రెండూ తెలుపే. రంగు వేస్తే ఆ రంగు శబ్దానికి అంటుతుందని ఆయన సిద్ధాంతం. ఆ వైరు ఇంకొకరు ముట్టుకుంటే చేతి చెమట అంటుతుందని, తెల్ల గ్లౌజులు తొడుక్కుని ఆయనే బిగిస్తారు. అలవాటున్న గ్లౌజులే కదా.

ఆ ఆదివారం బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెట్టెలు రెండూ పాత దుప్పట్లో చుట్టి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. షాపు ఓనరు వాటిని చూసి, పాలిషు బాగుందండీ అన్నాడు. వాల్వుల ఆంప్లిఫయరు ఒకటి తీసి వాటికి జత పెట్టాడు, షాపులోకెల్లా మంచిది. గాజు బుడ్లు ఎర్రగా వెలిగాయి. డాక్టరుగారు గ్లౌజులు తొడుక్కుని, వంగి, మూలుగుతూ వైర్లు బిగించారు. బాబాయి తన డిస్కు ఇచ్చి, గోడ పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, టెన్తు రిజల్టు కోసం వచ్చినవాడిలా.

పాట మొదలైంది. అందరూ కళ్ళు మూసుకున్నారు. పుల్ల మూసుకోలేదు, బాబాయిని చూస్తోంది. మొదటి చరణంలోనే ఆయన మొహం మారింది. పాడే ఆవిడ గొంతు రెండు పెట్టెలకీ నడుమ నిలబడాల్సింది పోయి, గదంతా పొగలా కమ్ముకుంది. ఎక్కడి నుంచి వస్తోందంటే చెప్పలేం. మూడో చరణం వచ్చింది. తీగ మెట్లు దిగడం మొదలెట్టింది. నాలుగో మెట్టు దగ్గర మాయమైపోయింది. బాబాయి స్టూలు మీద నుంచి సగం లేచి, గది మర్యాద గుర్తొచ్చి, మళ్ళీ కూర్చున్నాడు.

పుల్లకి సంగతి అప్పుడే తట్టింది. ఒక స్పీకరుకి ప్లస్సూ మైనస్సూ తిరగబడ్డాయి. ఒకటి గాలిని ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోంది. ఒక మంచాన్ని ఇద్దరు మోస్తూ, ఒకడు గుమ్మం వైపూ ఒకడు పెరటి వైపూ నడిచినట్టు. లోతు స్వరాలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఇది మొదటి సంవత్సరం పాఠం. కానీ కళ్ళజోడు ఇంకా డాక్టరుగారి ముక్కు మీదే ఉంది.

పాట అయింది. కళ్ళజోడు దిగింది, తుడవబడింది.

డాక్టరుగారు ఇరవై ఏళ్ళలో ఇంత విశాలమైన శబ్దం వినలేదన్నారు. గొంతు గోడలు దాటి వెళ్ళిపోయిందన్నారు. ఇక లోతు స్వరాల విషయంలో ఈ వడ్రంగాయన చూపించిన నిగ్రహం అపూర్వమన్నారు. ఎక్కడా బరువు లేదట, అసలు ఉందా లేదా అన్నట్టు ఉందట. అసలు లేదు కాబట్టి, అందులో అబద్ధమేమీ లేదు. పక్క కుర్చీలో కూర్చునే లెక్చరరొకాయన "హద్దుల్లేని" అన్న మాట అందుకున్నాడు. ఆయన పక్కాయన "గాలిలో తేలిన" అన్నాడు. ఇన్సూరెన్సు ఏజెంటు కాసేపు పైకప్పు చూసి, "ఎటు చూసినా" అన్నాడు. షాపు ఓనరు అందరికన్నా సంతోషించి, ఈ పెట్టెలు షాపులో పెట్టుకుంటున్నాననీ, నెలకి ఆరు జతలు చేయగలరా అనీ బాబాయిని అడిగాడు. పుల్లని ఈ సాయంత్రమే రాసి పెట్టేయమన్నాడు. టీ తాగుదామని అందరూ ముందు గదిలోకి వెళ్ళారు.

బాబాయి వెళ్ళలేదు. పెట్టెల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కో స్క్రూనీ బొటనవేలితో నొక్కి చూస్తున్నాడు.

"ఏదో తెగిందే పుల్లా," అన్నాడు మెల్లగా. "బస్సు కుదుపులకి లోపల ఏదో ఊడింది. ఆ కింది స్వరం రాలేదు, విన్నావా? పాపం వీళ్ళు మర్యాద కొద్దీ బాగుందంటున్నారు."

మర్యాద అన్న మాటకి పుల్లకి నవ్వొచ్చింది. నవ్వలేదు. ఆంప్లిఫయరు ఆపేసి, గ్లౌజులు లేని చేతుల్తోనే దాని వెనక నుంచి డాక్టరుగారి వైర్లు విప్పింది. ఏసీ రిమోట్‌లోంచి బ్యాటరీ ఒకటి తీసింది. ఎడమ వైరు కొసలు బ్యాటరీకి తాకించింది. ఎడమ స్పీకరులో గాలిని తోసే కోను టప్పుమని ముందుకొచ్చింది. కుడి వైరు కొసల్ని అదే వరసలో తాకించింది. కుడి కోను వెనక్కి పోయింది. బాబాయి మళ్ళీ చెయ్యమన్నాడు. చేసింది. ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి.

"అంటే తప్పు పెట్టెలది కాదన్నమాట."

"కాదు బాబాయ్. వైరుది. అంటే వైరుది కూడా కాదనుకో."

ఆయన రెండు పెట్టెల మూలలూ నిమిరాడు. పుల్లే ఉండబట్టలేక ఉన్నమాట చెప్పింది. ఇలాగే వదిలేస్తే ఎవరికీ ఏమీ తెలియదు, ఆరు జతలూ ఖాయం, సోమవారం ఆ కంపెనీకి రానని చెప్పేయొచ్చు. సరిచేస్తే ఈ సభ ఏమంటుందో తను పూచీ పడలేనంది. ఇన్నాళ్ళూ వాళ్ళు మెచ్చింది ఏమిటో, నేను రాసింది ఏమిటో తలుచుకుంటే నాకే గ్యారంటీ లేదు బాబాయ్ అంది.

బాబాయి అదంతా విన్నట్టే లేడు. ఆంప్లిఫయరు వైపు చూస్తున్నాడు.

"ఇంత మంచి ఆంప్లిఫయరుకి పెట్టి నేనెప్పుడూ వినలేదే," అన్నాడు. "ఒక్కసారి సరిగ్గా పెట్టి వినిపించు. ఆ తర్వాత వాళ్ళిష్టం."

పుల్ల కుడివైపు వైర్లు తిప్పి బిగించింది. బుడ్లు మళ్ళీ వెలిగాయి. పాట మొదలైంది. ఈసారి పాడే ఆవిడ వచ్చి రెండు పెట్టెల మధ్య నిలబడింది. ఎంత ఎత్తు మనిషో కూడా చెప్పొచ్చు. మూడో చరణంలో తీగ దిగింది, దిగింది, చివరి మెట్టు దిగి నేలని తాకింది. కాళ్ళ కింద తివాచీ సన్నగా వణికింది. పుల్ల చేతిలో నోటు పుస్తకం తెరిచే ఉంది. రెండేళ్ళుగా పోగేసిన మాటలన్నీ అందులో ఉన్నాయి, వెచ్చటివి, చల్లటివి, నల్లటివి. ఒక్కటీ పనికిరాలేదు. బాబాయి కళ్ళు తెరుచుకునే విన్నాడు. తను చేసిన వస్తువు తనకన్నా బాగా మాట్లాడుతుంటే పక్కన నిలబడ్డవాడిలా ఉన్నాడు.

ఆ చివరి మెట్టు మోతకి, ముందు గదిలో టీ కప్పులు గలగలమన్నట్టున్నాయి. సభ మొత్తం తలుపు దగ్గర ప్రత్యక్షమైంది. డాక్టరుగారి చూపు ముందు వైర్ల మీదకి వెళ్ళింది, తర్వాత పుల్ల ఉత్త చేతుల మీదకి.

శబ్దం పాడైపోయిందన్నారు డాక్టరుగారు, కళ్ళజోడు తియ్యకుండానే. ఇరుకైపోయింది, బరువెక్కింది, ఇందాకటి నిగ్రహం ఏమైంది అన్నారు. లెక్చరరు వెంటనే "మొరటు" అన్నాడు. ఇన్సూరెన్సు ఏజెంటుకి ఈసారి మాట తడుముకోవాల్సిన పని లేకపోయింది, తిట్లు బోలెడు మిగిలే ఉన్నాయి కాబట్టి "గుదిబండ" అన్నాడు.

పుల్ల బ్యాటరీ చూపించి, జరిగింది చెప్పింది. ఇందాక ఒక స్పీకరు తిరగబడి ఉందనీ, ఇప్పుడు వింటున్నదే అసలు శబ్దమనీ. గదిలో కాసేపు నిజంగానే నల్లటి నిశ్శబ్దం లాంటిది ఏర్పడింది.

డాక్టరుగారు తేరుకుని, తానది కావాలనే చేశానన్నారు. ఎవరు పట్టుకుంటారో చూద్దామని పెట్టిన పరీక్షట. దానికి లెక్చరరు, తను మొదటి చరణంలోనే పట్టుకున్నాననీ, పెద్దవారి ముందు నోరు జారడం ఎందుకని ఊరుకున్నాననీ చెప్పాడు. ఇన్సూరెన్సు ఏజెంటుకీ మొదటి నుంచీ అనుమానమేనట. అయితే 'హద్దుల్లేని' అన్నది ఎవరండీ, నా పుస్తకంలో మీ చేతిరాత కాకపోయినా మీ మాటే ఉంది అని పుల్ల అంది. లెక్చరరు టీ చల్లారిపోతోందన్నాడు.

డాక్టరుగారు మాత్రం తగ్గలేదు. పరీక్ష పరీక్షే, కానీ ఆ పరీక్షలో ఒక సత్యం బయటపడిందన్నారు. ఈ పెట్టెలు తిరగేసి బిగిస్తేనే బాగుంటాయి. చదువు వేరు, చెవి వేరు.

చిక్కు విడిపోయినట్టు షాపు ఓనరు మొహం వెలిగింది. బాబాయి భుజం మీద చెయ్యి వేసి పక్కకి తీసుకెళ్ళాడు. "దీనికింత గొడవ ఎందుకండీ. జతలో ఒక పెట్టెకి లోపలే వైరు తిప్పి అతికించేయండి. బయట అంతా మామూలుగానే ఉంటుంది. డాక్టరుగారు మెచ్చిన శబ్దం అని మేం బోర్డు పెట్టుకుంటాం. నెలకి ఆరు జతలు. ఎవరు విప్పి చూస్తారు చెప్పండి."

బాబాయి ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, అది పుల్లకి కనపడింది. ఆయన కళ్ళ ముందు షెడ్డూ, రంపం, బస్తాడు గొట్టం ముక్కలూ, ఎండలో ఆరేసిన బట్టలూ అన్నీ తిరిగి ఉంటాయి.

"ఎవరూ చూడరండీ," అన్నాడు చివరికి. "కానీ అతికించేది నేనే కదా. నేను చూస్తాను."

అని, దుప్పటి తీసి పెట్టెలు చుట్టడం మొదలెట్టాడు. కోపంగా కాదు. పని అయిపోయినవాడు సామాను సర్దుకుంటున్నట్టు, మూలలకి దెబ్బ తగలకుండా, నెమ్మదిగా. ఆంప్లిఫయరు చాలా బాగుందని ఓనరుకి చెప్పాడు. డాక్టరుగారికి నమస్కారం పెట్టాడు.

పుల్ల ఆ మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి, షాపు పేజీలో రాయాల్సింది రాసింది. మూడే వాక్యాలు. "ఈ స్పీకర్లకు ఒకవైపు వైర్లు తిరగేసి పెట్టుకుంటే డాక్టరుగారు మెచ్చిన శబ్దం వస్తుంది. సరిగ్గా పెట్టుకుంటే పాడే మనిషి గదిలోకి వస్తుంది. మీకేది కావాలో చూసుకోండి." పేజీలో అది గంటన్నర ఉంది. తర్వాత లేదు. ఓనరు ఫోను చేసి, వచ్చే ఆదివారం నుంచి శ్రమ పడొద్దమ్మా అని చాలా మర్యాదగా చెప్పాడు. ఆ గంటన్నరలో చదివినవాళ్ళలో ఒక్కరైనా తమ స్పీకర్ల వెనక్కి వెళ్ళి చూసుకున్నారో లేదో ఆమెకు తెలియదు. ఒకాయన మాత్రం కింద, మా ఇంట్లో రెండు శబ్దాలూ ఒకేసారి వస్తున్నాయి అని రాశాడు.

సోమవారం పొద్దున పుల్ల ఆఫీసుకి వెళ్ళే దారిలో బాబాయి ఇంటికి వెళ్ళింది. తన షాపు సభ ముందే ఆయన నిలబడాల్సి వచ్చింది కదా, ఉద్యోగానికి ఒప్పుకునే రోజు మొహం చాటెయ్యడం బాగోదని. తీరా చూస్తే పిన్ని గుమ్మంలోనే అందుకుంది.

"మీ బాబాయి ఇందాకే ఆ కంపెనీకి ఫోను చేసి రానని చెప్పేశాడు. ఒక్క జత కూడా అమ్మని రోజు చూసుకుని మరీ ఉద్యోగం వద్దన్నాడు. వెళ్ళి చూడు, రంపం దగ్గరే ఉన్నాడు మహానుభావుడు."

షెడ్డులో ఆయన నిజంగానే చెక్క కోస్తున్నాడు. పుల్ల గుమ్మంలో నిలబడి, పెద్దవాళ్ళు కాదంటే మానేస్తానని అందరి ముందూ అన్నావు కదా బాబాయ్ అని గుర్తు చేసింది. ఆయన రంపం ఆపకుండానే జవాబు చెప్పాడు.

"నా పెట్టెల్లో లోపముంటే మానేస్తానన్నాను. నిన్న పరీక్షలో తప్పింది పెట్టెలు కాదు కదే."

వంటిళ్ళ పనులు ఒకటికి రెండు పట్టుకుంటాడట. పెట్టెలు ఎవరికి కావాలో వాళ్ళే వింటారట, వినడానికి షెడ్డులో ఒక కుర్చీ వేస్తాడట. పుల్ల కాసేపు నిలబడి, బస్సుకి టైమవుతున్నా బ్యాగు కింద పెట్టి, చెక్క రెండో కొస పట్టుకుంది.

అదీ సంగతి. ఆ షెడ్డులో కుర్చీ ఒకటే కాబట్టి సభ పెట్టడం కుదరదు, పక్కవాడు ఏమన్నాడో విని చెప్పే వీలు లేదు. నేనూ వెళ్ళి కూర్చున్నాను. ఏం విన్నానో ఇంకెప్పుడైనా. ముందు మీరు చెప్పండి. పెద్దాయనెవరో ఆహా అన్నాడని, మీకు బాగాలేనిది కూడా బాగుందని తలూపిన రోజు మీ జీవితంలో ఉండే ఉంటుంది. పాట కావచ్చు, పుస్తకం కావచ్చు, పెళ్ళి సంబంధమైనా కావచ్చు. తలూపాక ఏమైందో దాచకుండా రాసి పంపండి. మొదట ఒప్పేసుకున్నదాన్ని నేనే కదా, మీరు సిగ్గుపడాల్సిందేమీ లేదు.